కర్నూలు నుంచి విశాఖ, చెన్నై నుంచి కువైట్: ఏ లెక్క చాలు?

కర్నూలు విమానాశ్రయమైన ఓర్వకల్లు ఉండేది సుమారు 15.71 ఉత్తర అక్షాంశం, 78.16 తూర్పు రేఖాంశం దగ్గర. విశాఖది 17.72, 83.22. వీటి మధ్య విమాన దూరం కాగితం మీద తేల్చాలంటే, భూమి బల్లపరుపుగా ఉందనుకునే చదును లెక్క: అక్షాంశాల తేడాను 111తో గుణించండి, రేఖాంశాల తేడాను 111తోనూ, సగటు అక్షాంశపు కొసైన్‌తోనూ గుణించండి. రెండు వర్గాలు కూడి వర్గమూలం తీస్తే దాదాపు 582 కిలోమీటర్లు. కొసైన్ మరిచారా, 604 వస్తుంది. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఇంకోటి, 15 డిగ్రీల 42 నిమిషాలంటే 15.42 కాదు, 15.70, ఈ పొరపాటుతో 31 కిలోమీటర్లు గల్లంతు.

రెండోది హేవర్‌సైన్, భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకునే సూత్రం. ఎక్సెల్‌లో కోణాలను ముందు రేడియన్లలోకి మార్చకపోతే పిచ్చి అంకెలొస్తాయి. విశాఖకు రెండు లెక్కలూ దాదాపు ఒకటే, ఇంత శ్రమ దండగ. కడప వాళ్లు చెన్నై మీదుగా వెళ్లే కువైట్‌కు మాత్రం చదును లెక్క 3,790 అంటే హేవర్‌సైన్ 3,777 అంటుంది.

సమయానికొస్తే, ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానానికి గంటకు 500 కిలోమీటర్లు, జెట్‌కు 830 పెట్టుకుని, విమానం రన్‌వే దాకా నేల మీద నడవడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం కింద అరగంట కలపండి. విశాఖకు గంటా నలభై నిమిషాలు, కువైట్‌కు ఐదు గంటలు. చలికాలంలో కువైట్ వెళ్లేటప్పుడు పడమటి గాలి ఎదురైతే ఇంకాస్త. తిరుగు ప్రయాణంలో అదే గాలి తోస్తుంది.