ఫ్లోరైడ్ తీసేస్తుందని ‘నానో ఫిల్మ్ ఫిల్టర్’ అమ్ముతున్నారు, జాగ్రత్త! మేము కొని మోసపోయాం

కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఉండేవాళ్లు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఏ ఊరివాళ్లయినా సరే, ఇది కాస్త ఓపిగ్గా చదవండి. ఇంటింటికీ తిరిగి ‘నానో ఫిల్మ్ ఫిల్టర్’ అని ఒకటి అమ్ముతున్నారు. కరెంటు అక్కర్లేదు, చుక్క నీరు వృథా కాదు, ఫ్లోరైడ్ మొత్తం పోతుంది అంటారు. మేము 14,500 రూపాయలు పెట్టి కొన్నాం. నాలుగు నెలలు ఆ నీళ్లే తాగాం, వాటితోనే వండుకున్నాం. ఆ తర్వాత ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే బోరు నీళ్లలో లీటరుకు 3.2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది. ఫిల్టర్ నుంచి పట్టిన నీళ్లలో 3.1 ఉంది. అంటే ఏమీ పోలేదన్నట్టే.

డబ్బు పోతే పోయింది, మళ్లీ సంపాదించుకుంటాం. మా చిన్నదానికి ఐదేళ్లు. పాలపళ్లు ఊడాక వచ్చే పళ్లకు పైపూత చిగుళ్ల లోపల తయారయ్యేది ఈ వయసులోనే. ఎనిమిదేళ్ల లోపు ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే పళ్ల మీద పడే గోధుమ రంగు మచ్చలు ఎంత తోమినా పోవు. మా అత్తయ్య మోకాళ్లు వంగక కింద కూర్చోలేదు. ఆమె చిన్నప్పటి నుంచి తాగింది ఈ నీళ్లే. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ ఫ్లోరోసిస్ జబ్బు గురించి డాక్టర్లు 1937లో మొదట రాసింది కూడా మన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాన్ని చూసే, అప్పట్లో ఇది నెల్లూరు జిల్లా. అలాంటి ఊళ్లో ఉంటూ, ‘ఇంక మాకు భయం లేదు’ అనుకుని నాలుగు నెలలు క్యాన్ నీళ్లు కూడా మానేసి పిల్లకు అవే తాగించాను. నాకు నిద్ర పట్టనిది ఆ సంగతికే.

ఎలా అమ్మారో చెబుతాను, ఎందుకంటే మీ ఇంటికి వచ్చినా ఇలాగే చేస్తారు. మధ్యాహ్నం పూట, మగవాళ్లు పనికి వెళ్లాక వచ్చారు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో బ్యాగు, మాట చాలా మర్యాద. “మేడమ్, కొనక్కర్లేదు, మీ నీళ్లు ఒక్కసారి చూపిస్తాను, అంతే” అన్నాడు. రెండు గ్లాసులు అడిగాడు. ఒకదాంట్లో మా బోరు నీళ్లు పోశాడు. రెండో దాంట్లో ‘మా ఫిల్టర్ నీళ్లు’ అంటూ తన బ్యాగులోని సీసా నీళ్లు పోశాడు. రెండింటిలోనూ లోహపు కడ్డీలున్న పరికరం దించి ప్లగ్ పెట్టాడు. ఒక నిమిషం కాకముందే మా నీళ్లు ముందు పసుపు పచ్చగా, తర్వాత నల్లటి ఆకుపచ్చగా మారి, పైన తుప్పు రంగు నురగ తేలింది. వాళ్ల నీళ్లు అలాగే తేటగా ఉన్నాయి. “ఇదే మేడమ్ మీ పాప తాగుతున్నది” అన్నాడు. అంతే, నా చేతులు వణికాయి.

ఆ మురికి మన నీళ్లలోది కాదు. ఆ కడ్డీల్లో ఒకటి ఇనుముది. కరెంటు పారితే ఆ ఇనుమే కరిగి నీళ్లలో తుప్పుగా తేలుతుంది. లవణాలున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి రంగు వస్తుంది. లవణాలు దాదాపు లేని ఆర్‌ఓ నీళ్లలో పారదు కాబట్టి రాదు. అతని సీసాలో ఉన్నవి ఆర్‌ఓ నీళ్లే అయ్యుంటాయి. ఎందుకంటే తర్వాత మేము అలాంటి పరికరమే తెచ్చి మాకు అమ్మిన ఫిల్టర్ నీళ్లలో పెడితే అవీ అచ్చం అలాగే నల్లబడ్డాయి. ఆ రోజు నేను ఒక్క మాట అడిగి ఉండాల్సింది: “మీ సీసా వద్దు, మా నీళ్లనే మీ ఫిల్టర్‌లో పోసి చూపించు” అని.

నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎన్నో చూపే టీడీఎస్ మీటర్ సంగతి కూడా చెప్పాలి. ఫిల్టర్ బిగించాక మా ఆయన మీటర్ పెట్టి చూస్తే లోపలికి వెళ్లే నీళ్లలో 910, బయటికి వచ్చే నీళ్లలో 905 చూపించింది. అదేంటని అమ్మినతన్ని అడిగితే, “మంచి మినరల్స్ అలాగే ఉంచి ఫ్లోరైడ్‌ని మాత్రమే లాగేస్తుంది సార్, అదే నానో ఫిల్మ్ గొప్పతనం” అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది కదా? టీడీఎస్ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో మాత్రమే చూస్తుంది. లీటరుకు 900 మిల్లీగ్రాముల లవణాల్లో ఒక మూడు మిల్లీగ్రాములు ఫ్లోరైడ్ ఉందో లేదో దానికి తెలియదు. అందుకే అతని మాట నిజమో అబద్ధమో ఆ మీటర్‌తో ఎన్నటికీ తేలదు. ఆ సందులోనే మమ్మల్ని బుట్టలో వేశాడు.

బయటపడింది ఎలాగంటే, మా గ్రామ సచివాలయంలో నీళ్ల పరీక్ష కిట్ ఉంది. దాంట్లో ఫ్లోరైడ్‌కు ఒక మందు ఉంటుంది. గులాబీ రంగు మందు నీళ్లలో వేస్తే, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పసుపు వైపు తిరుగుతుంది. వేరే పని మీద వెళ్లినదాన్ని, ఊరికే రెండు సీసాల నీళ్లు తీసుకెళ్లాను. రెండు గొట్టాలూ ఒకే పసుపు. పక్కపక్కన పెట్టి కిటికీ దగ్గర వెలుతురులో చూశాం, ఏది బోరుదో ఏది ఫిల్టర్‌దో చెప్పలేకపోయాం. ఆ తర్వాతే గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబ్‌కు పంపించాం.

ఇంటికొచ్చి ఫిల్టర్ కార్ట్రిడ్జ్ కోసి చూశాం. కింద దూది పొర, దాని మీద నల్లటి బొగ్గు, ఆ పైన రంగురంగుల మట్టి గోళీలు, ‘నానో ఫిల్మ్’ అని చెప్పిన ఒక తెల్లటి గుడ్డ లాంటి చుట్ట. గోళీలను కిరాణా కొట్టు కాటా మీద తూకం వేయిస్తే 180 గ్రాములు. ఇక్కడ చిన్న లెక్క చెబుతాను, ఎవరైనా వేసుకోవచ్చు. మా ఇంట్లో తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు కావాలి. తాగే నీళ్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. 3.2 నుంచి 1కి దించాలంటే రోజుకు 44 మిల్లీగ్రాములు, నెలకు 1.3 గ్రాములు పట్టుకోవాలి. ఫ్లోరైడ్‌ను పట్టడానికి ఎప్పటి నుంచో వాడే యాక్టివేటెడ్ అల్యూమినా అనే గుళికల మందు మన బోరు నీళ్ల లాంటి వాటిలో కిలోకు సుమారు ఒకటి, రెండు గ్రాములే పట్టగలదు. పైగా కొన్నాళ్లకు నిండిపోతుంది, కాస్టిక్ సోడాతో, తర్వాత యాసిడ్‌తో కడిగి మళ్లీ వాడాలి. యూనిసెఫ్ సాయంతో ఊళ్లలో ఇచ్చిన ఇంటి ఫిల్టర్లలోనే 3 కిలోల దాకా అల్యూమినా పోసేవారు. మా 180 గ్రాములు మొత్తం మేలైన అల్యూమినాయే అనుకున్నా, నాలుగు నుంచి ఎనిమిది రోజుల్లో నిండిపోవాలి. అతను చెప్పింది ‘ఏడాది గ్యారంటీ’.

నానో అంటే అంతా బోగస్ అని మాత్రం అనుకోకండి. నేను ఆ మాట అనడం లేదు. ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ టి. ప్రదీప్ బృందం నీళ్లలోని ఆర్సెనిక్‌ను పట్టే ఇనుప నానో పదార్థం తయారుచేసింది, 2020లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థలో నానో వెండి పూసిన సిరామిక్ క్యాండిల్ తయారుచేశారు, అది బ్యాక్టీరియా కోసం. ఒకటి ఆర్సెనిక్‌కు, ఒకటి క్రిములకు. వెండి క్రిమిని చంపుతుంది కానీ నీళ్లలో కరిగిపోయిన ఫ్లోరైడ్ జోలికి పోదు. నానో అన్న మాట సైజును చెబుతుంది, పనిని చెప్పదు. ఏ పదార్థం, దేన్ని పడుతుంది, ఎన్ని గ్రాములుంది, ఎన్ని లీటర్ల దాకా పడుతుంది? ఇవి అడగకుండా ఆ మాట ఒక్కటి పట్టుకుని కొనకూడదు.

అసలు మామూలు ఆర్‌ఓలో ఉన్నది కూడా పల్చటి పొరే. వెంట్రుక మందాన్ని కొన్ని వందల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత పాలిఅమైడ్ పొర. అది సరిగ్గా పనిచేస్తుంటే ఫ్లోరైడ్‌లో చాలా భాగం ఆపుతుంది. కానీ నీళ్లను ఆ పొర గుండా నెట్టడానికి పంపు కావాలి, ఆగిపోయిన లవణాలతో కొంత నీళ్లు బయటికి పోవాలి. క్లోరిన్ తగిలితే ఆ పొర పాడవుతుంది కాబట్టి ముందు బొగ్గు ఫిల్టర్ సరిగ్గా ఉండాలి. అంటే పొరతో ఆపాలంటే పంపు, వృథా నీళ్లు తప్పవు. గోళీలతో పట్టాలంటే కిలోల లెక్కన మందు, దాన్ని కడగడం తప్పవు. రెండూ లేవని చెప్పిన చోటే నేను ఆగి ఉండాల్సింది.

ఇంకొక సంగతి, చాలామంది కాచి చల్లార్చితే సరిపోతుంది అనుకుంటారు. కాస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. వంట నీళ్లు కూడా మార్చాలి, అన్నంలోకి, పప్పులోకి పోయే నీళ్లూ మనం తాగినట్టే.

ఇక కాగితాలు. మాకు ఇచ్చిన ఫైల్ చాలా బాగుంది, రంగుల ముద్ర, సీళ్లు, ‘ఐఎస్ఓ 9001’. అది కంపెనీలో పని జరిగే పద్ధతికి ఇచ్చేది, ఫిల్టర్ నీళ్లలో ఏం తీస్తుందో దానికి సంబంధం లేదు. ల్యాబ్ రిపోర్టు తీరిగ్గా చదివాను. ఈ.కోలై, మడ్డి, వాసన ఉన్నాయి. ఫ్లోరైడ్ అన్న వరుసే లేదు. కింద చిన్న అక్షరాల్లో ‘మాకు పంపిన శాంపిల్‌కు మాత్రమే ఈ ఫలితాలు’ అని ఉంది. గ్యారంటీ కార్డులో, కరపత్రంలో, బిల్లులో ఎక్కడా ఫ్లోరైడ్ అన్న మాట అచ్చు వేయలేదు. ఆ మాట వాళ్లు నోటితోనే చెబుతారు. కాబట్టి ఎవరైనా ఫ్లోరైడ్ పోతుందని అమ్మితే, ‘లీటరుకు ఇంత ఫ్లోరైడ్ ఉన్న నీళ్లను ఇన్ని లీటర్ల దాకా 1 కంటే తక్కువకు తెస్తుంది’ అని బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి. మా ఎదురింటి అక్క ఇలా అడిగిందట, “రేపు మేనేజర్‌తో వస్తాం” అని వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు.

మేము ఫోన్ చేస్తే ముందు 3,200 కట్టి కార్ట్రిడ్జ్ మార్చుకోమన్నారు. ల్యాబ్ రిపోర్టు పంపాక ఫోన్ ఎత్తడం మానేశారు. మాకిచ్చింది జీఎస్టీ నంబరు లేని ‘ఎస్టిమేట్’ చీటీ. డబ్బు ఫోన్‌పేలో కట్టడం వల్ల ఆ రికార్డు ఒక్కటి మిగిలింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. డబ్బు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం. 5 లక్షల లోపు వస్తువుకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. నగదు ఇచ్చినవాళ్లు కనీసం ఆ చీటీ, కార్ట్రిడ్జ్, వాట్సాప్ మెసేజ్‌లు పారేయకండి.

మా వీధిలో ఈ ఫిల్టర్ కొన్నవి ఇంకో ఆరు ఇళ్లు ఉన్నాయి. సోమవారం అందరి నీళ్లూ కలిపి ల్యాబ్‌కు తీసుకెళ్తున్నాను. మీ ఇంట్లో కూడా ఇలాంటిది ఉంటే ఇవాళే రెండు సీసాలు పట్టండి, ఒకటి బోరువి, ఒకటి ఫిల్టర్‌వి. గాజు సీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా అదే నీళ్లతో రెండుసార్లు కడిగి నింపండి, మీద ఏది ఏదో రాయండి. ఫలితం వచ్చేదాకా పిల్లలకు మాత్రం ఆ నీళ్లు ఇవ్వకండి.