వేపపుల్ల, కచ్చిక, బ్రష్షు: పళ్ళకు ఏది మేలు?

మా నాయనమ్మది ప్రకాశం జిల్లాలో దర్శి దగ్గర ఒక పల్లె. పొద్దున లేవగానే పెరట్లో వేపచెట్టు కొమ్మ వంచి, చిటికెన వేలంత లావు పుల్ల విరిచేది. ఆకులు దూసేసి, కొసను దవడపళ్ళ మధ్య పెట్టుకుని నమిలేది. రెండు మూడు నిమిషాలు నమిలితే గానీ ఆ కొస కుంచెలా విచ్చుకోదు. అసలు తోమడం ఆ తరువాతే. అంతా అయ్యాక అదే పుల్లను నిలువునా చీల్చి, ఒక బద్దను విల్లులా వంచి నాలుక గీసుకునేది. డెబ్బై దాటినా ఆమె నోట్లో ఒక్క పిప్పిపన్ను లేదు. ముందుపళ్ళ మీద మాత్రం గోధుమరంగు చారలు ఉండేవి. ఆ ఊళ్ళో చాలామందికి ఉండేవి కనుక వాటిని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఆమె మనవణ్ణి నేను. ఊహ తెలిసినప్పటి నుంచి బ్రష్షు, పేస్టు తప్ప మరొకటి ఎరగను. నలభై నిండకుండానే రెండు పళ్ళకు సిమెంటు పెట్టించుకున్నాను. చన్నీళ్ళు తాగితే ఎడమవైపు జివ్వుమంటుంది. పళ్ళ డాక్టరు చిన్న అద్దం నా చేతికిచ్చి చూపించారు. కోరపన్ను మొదట్లో, చిగురు అంచున, చిన్న గొడ్డలితో గాటు పెట్టినట్టు ఒక గాడి. "గిన్నెలు తోమినట్టు తోముతున్నారండీ. ఆ గట్టి బ్రష్షు ఈ రోజే మానేయండి" అన్నారు.

ఈ సంగతి తెలియగానే ఇంట్లో తీర్పు వచ్చేసింది: "నాయనమ్మలాగా వేపపుల్ల వాడి ఉంటే ఇదంతా ఉండేదా?" కొన్నాళ్ళు నాకూ నిజమేననిపించింది. తరువాత ఒక్కొక్కదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, నాయనమ్మ పళ్ళ వెనుక మేమెవరమూ అనుకోని కారణం ఒకటి కనిపించింది.

పుల్ల చేసే పని, చేయలేని పని

వేపపుల్లను తక్కువ చేయడానికి ఏమీ లేదు. పంటి మీద పేరుకునే పాచి మెత్తని జిగురు పొర. అందులో కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. విచ్చుకున్న పుల్ల కొస ఆ పొరను గీకేస్తుంది. వేప చేదుకు నోరు ఊరుతుంది, ఆ ఊరిన లాలాజలమే పళ్ళకు పుట్టుకతో వచ్చిన రక్షణ. వేపరసానికి నోటిలోని కొన్ని సూక్ష్మజీవులను అణిచే గుణం ఉందని ప్రయోగశాలల్లో తేలింది. అన్నిటికంటే ముఖ్యంగా, పుల్లతో తోముకునేవారు పదిహేను నిమిషాలు అరుగు మీద కూర్చుని తీరికగా తోముకుంటారు. బ్రష్షు పట్టినవారిలో రెండు నిమిషాలు తోమేవారు ఎందరో ఎవరికి వారే గడియారం చూసుకుంటే తెలుస్తుంది.

దాని హద్దులూ దానికి ఉన్నాయి. దవడపళ్ళ లోపలి వైపుకు, నాలుక పక్కన ఉండే గోడలకు నిలువు పుల్ల అందదు. పళ్ళ సందుల్లోకి పోదు. ముదురు పుల్లతో అడ్డంగా రుద్దితే చిగుళ్ళు గీసుకుపోయి కిందికి జారతాయి. పైగా పంటిని పుప్పి నుంచి కాపాడుతుందని గట్టిగా రుజువైన ఫ్లోరైడ్ అందులో తగినంత ఉండదు.

పొయ్యిలోని బొగ్గు గొట్టంలోకి వచ్చింది

వేపచెట్టు లేనిచోట కచ్చిక ఉండేది. కాలిన పిడకను నలిపి, కొందరు కాస్త ఉప్పు కలిపి, వేలితో రుద్దుకునేవారు. మరికొందరు పొయ్యిలోని బొగ్గు నూరుకునేవారు. మా ముందు తరం ఎంతో ఇష్టంగా వదిలించుకున్న ఆ బొగ్గే ఇప్పుడు నల్లని పేస్టు రూపంలో, మామూలు పేస్టు కంటే ఎక్కువ ధరకు అంగడిలో కనిపిస్తోంది. నల్లని నురుగుతో తోమి తెల్లని పళ్ళు చూపించే వీడియోలకు లెక్కే లేదు.

ఈ వాడుక నన్ను నిజంగా కలవరపెడుతుంది. పంటి పై పొర, అంటే ఎనామెల్, మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం. కానీ అందులో ప్రాణమున్న కణాలు లేవు. గోరులా, వెంట్రుకలా తిరిగి పెరగదు. అరిగినంత అరిగినట్టే. దాని కింద ఉండే డెంటిన్ రంగు పసుపు. గరుకు పొడితో ఎనామెల్‌ను పలచబరిచిన కొద్దీ ఆ పసుపు బయటికి కనిపిస్తుంది. మొదట్లో టీ మరకలు పోయి పళ్ళు తెల్లబడ్డట్టు అనిపించినా, ఏళ్ళ తరబడి రుద్దితే దక్కేది పసుపే. బొగ్గు పేస్టుల మీద అప్పటివరకు వచ్చిన పరిశోధనలను అమెరికా దంతవైద్యుల సంఘం పత్రికలో 2017లో ఒక సమీక్ష పరిశీలించింది. అవి సురక్షితమని, చెప్పినంత పని చేస్తాయని నమ్మడానికి తగిన ఆధారాలు లేవని తేల్చింది. ఈ పేస్టుల్లో చాలావాటిలో ఫ్లోరైడ్ కూడా ఉండదు.

నిమ్మరసం, వంటసోడా కలిపి రుద్దమనే చిట్కా అంతకంటే చెడ్డది. పీహెచ్ అంటే పులుపును కొలిచే అంకె, అది తగ్గిన కొద్దీ పులుపు ఎక్కువ. నోటిలో పీహెచ్ సుమారు 5.5 కంటే కిందికి దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసానిది 2 నుంచి 3 మధ్య. పులుపు తిన్నాక పళ్ళు పులిశాయని అంటామే, అది పన్ను పెట్టే మొర. ఆ సమయంలో రుద్దడం మెత్తబడిన పొరను గీకెయ్యడమే. పుల్లటిది తిన్నా, కూల్‌డ్రింకు తాగినా ముందు నీళ్ళు పుక్కిలించి, అరగంట ఆగి తోముకోవాలి.

పళ్ళపొడుల విషయంలో ఇంకొక మాట. పళ్ళపొడుల్లోనూ పేస్టుల్లోనూ పొగాకు వాడకాన్ని మన దేశం 1992లోనే నిషేధించింది. పొగాకు పొడితో పళ్ళు తోముకునే అలవాటు మాత్రం కొన్నిచోట్ల పోలేదు. దానివల్ల పంటినొప్పి తగ్గినట్టుంటుంది, చిగుళ్ళ జబ్బు లోలోపల ముదురుతుంది, నోటి క్యాన్సర్‌కు దారి పడుతుంది. ఇంట్లో పెద్దవారెవరైనా వాడుతుంటే దగ్గర కూర్చుని మాన్పించండి.

నువ్వుల నూనె పుక్కిలించడం కూడా మన ఆయుర్వేదం నుంచి విదేశాలు చుట్టి మళ్ళీ మన దగ్గరికి వచ్చింది. పాచి కొంత తగ్గుతుందని చిన్న చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. హాని లేదు, ఇష్టమైతే చేయండి, తోముకోవడం మాత్రం మానకండి.

నాయనమ్మ పళ్ళ చారలు

ఇక బ్రష్షు, పేస్టు. నైలాన్ కుచ్చు బ్రష్షులు 1938లో వచ్చాయి. మెత్తని కుచ్చు ఉన్న చిన్న తల బ్రష్షు పుల్ల చేరలేని మూలలకు చేరుతుంది. కానీ అసలు బలం పేస్టులోని ఫ్లోరైడ్‌ది. తీపి తిన్న ప్రతిసారీ సూక్ష్మజీవులు ఆమ్లం పుట్టించి పంటిలోని కాల్షియాన్ని లాగేస్తాయి. లాలాజలం దాన్ని తిరిగి చేరుస్తుంది. ఆ చేర్పును ఫ్లోరైడ్ వేగం చేస్తుంది, కొత్తగా ఏర్పడ్డ పొరను ఆమ్లానికి త్వరగా లొంగకుండా చేస్తుంది.

ఇక్కడే మన జిల్లాలవారికి గుండె ఝల్లుమంటుంది. ఫ్లోరైడ్ అంటే మనకు గుర్తొచ్చేది నల్లగొండ. మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో వంగిపోయిన నడుములు, వంకర తిరిగిన కాళ్ళు. అంతకంటే ముందు, 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని నాటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి లోకానికి చెప్పారు. ఆ పల్లెలే తరువాత ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. మా నాయనమ్మ ఊరి వైపే.

ఆమె పళ్ళ మీది గోధుమ చారలు ఆ జబ్బు గుర్తులే. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కు 1901లో వచ్చిన ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు అక్కడివారి పళ్ళ మీద ఇలాంటి మరకలే చూశాడు. ఆ మరకల పళ్ళు అంత తేలికగా పుచ్చడం లేదనీ గమనించాడు. నీళ్ళలోని ఫ్లోరైడే దానికి కారణమని 1931లో తేలింది. కొద్ది మోతాదులో అది పంటికి మేలు చేస్తుందని తెలిశాక, 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం తాగునీటిలో కొలిచి కలపడం మొదలుపెట్టింది.

నాయనమ్మ పళ్ళు పుచ్చకపోవడంలో ఏళ్ళ తరబడి మేము వేపకు కట్టబెట్టిన పేరులో ఆ బావినీళ్ళకూ వాటా ఉండి ఉండాలి. ఆ నీళ్ళే ఆమె మోకాళ్ళను బిగించేశాయి. చివరి పదేళ్ళు పీట మీద నుంచి లేవడానికి ఆమెకు ఇద్దరి చేతులు కావలసి వచ్చేవి. కాబట్టి ఆ పళ్ళను చూసి ఆ నీళ్ళు మంచివని ఎవరూ అనుకోకూడదు. మోతాదు మరీ ఎక్కువైతే ఎనామెల్ గుంటలు పడి, పన్ను పెళుసై, అదీ పాడవుతుంది.

మరి అలాంటి ఊళ్ళలో ఫ్లోరైడ్ పేస్టు వాడవచ్చా? ఈ ప్రశ్నను లెక్కతోనే తేల్చాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరునీళ్ళు రోజుకు మూడు లీటర్లు తాగితే ఒంట్లోకి పోయేది 12 మిల్లీగ్రాములు. పేస్టులో సుమారు 1000 పీపీఎం, అంటే గ్రాముకు ఒక మిల్లీగ్రాము ఉంటుంది. బఠాణీ గింజంత పేస్టు పావు గ్రాము. అందులో ఉండేది పావు మిల్లీగ్రాము, అదీ ఉమ్మేసేదే. ఎముకలను వంచింది నీళ్ళు, పేస్టు కాదు. మార్చవలసింది నీళ్ళనే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీటిని శుద్ధి చేసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ నదీజలాలను ఇంటికి తెచ్చింది. నదీజలాలు తాగే ఇంట్లో పేస్టుకు భయపడనక్కరలేదు. ఇంకా బోరునీళ్ళే దిక్కయిన ఊళ్ళో మాత్రం పిల్లల పేస్టు గురించి డాక్టరును అడిగి తీరాలి. పళ్ళ మీద మరకలు పడేది ఎనామెల్ తయారవుతున్న పసివయసులోనే, సుమారు ఎనిమిదేళ్ళ లోపు. ఎక్కడైనా సరే, మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆ తరువాత ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత పేస్టు చాలు. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా అలలా పరిచే పేస్టు అమ్మకం కోసమే.

పొద్దునా, రాత్రా?

దేనితో తోమాలన్న ప్రశ్న కంటే నాకు ఇదే పెద్దదిగా కనిపిస్తోంది. పాచినోటితో ఏమీ తాకకూడదన్న పట్టింపు వల్ల మన ఇళ్ళల్లో పొద్దున తోముకోని మనిషి ఉండడు. రాత్రి తోముకునే మనిషి అరుదు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పెరుగన్నం తరువాత తిన్న అరిసె ముక్క, పడుకోబోయే ముందు తాగిన చక్కెర పాలు తెల్లవార్లూ పళ్ళ మీదే ఉంటాయి. పొద్దున, రాత్రి రెండుసార్లూ తోముకోవాలి. ఒక్కపూటే కుదిరితే రాత్రికే ఓటు వేస్తాను. తోమాక నురుగు ఉమ్మేయండి, నీళ్ళతో గలగలా పుక్కిలించకండి. అలా చేస్తే పంటి మీద నిలవవలసిన ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది.

తీపి సంగతీ ఇంతే. పండగనాడు భోజనంలో నాలుగు బూరెలు తిన్నవారి కంటే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆరు టీలు చక్కెరతో గుక్క గుక్క చప్పరించేవారి పళ్ళే ముందు పాడవుతాయి. తీపి తగిలిన ప్రతిసారీ నోరు ఆమ్లంగా మారి, తేరుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. తేరుకునేలోపే మరో టీ వస్తే పంటికి తెరిపి ఉండదు. చక్కెర బదులు బెల్లం వేసినా పంటికి తేడా లేదు. మా నాయనమ్మ రెండుపూటలా జొన్నన్నం, మజ్జిగ తిని మధ్యలో ఏమీ ముట్టేది కాదు. ఆమె పళ్ళ ఘనతలో ఆ కంచానికీ వాటా ఉంది. మేమే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

నా లెక్క ఇలా తేలింది: రాత్రికి మెత్తని బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టు తప్పనిసరి. పొద్దున కూడా అవే మేలు, లేత వేపపుల్ల దొరికిన రోజున దానికి అడ్డు చెప్పను. కచ్చిక, బొగ్గు మా గడప తొక్కవు. మా అమ్మాయికి ఆరేళ్ళు. వేసవిలో ఊరు వెళితే పుల్ల విరిచి ఇమ్మంటుంది. నమిలి, చేదుకు ముఖం చిట్లించి, చివరికి నాలుక గీసుకునే బద్ద కోసం చీల్చబోతుంది. ఇప్పటికీ దానికి సరిగ్గా నడిమికి చీలదు. రాత్రి పడుకునే ముందు బావి గట్టు మీద ఇద్దరం బ్రష్షులు పట్టుకుని నిలబడతాం, రెండు నిమిషాలు తనే లెక్కపెడుతుంది.