‘డౌట్లున్నాయా?’ అని అడగని ఎక్సెల్ క్లాసు

ఎనిమిది వారాల ఎక్సెల్ కోర్సు, సాయంత్రం బ్యాచ్, అందరం ఉద్యోగాలు చేసుకుంటూ వచ్చేవాళ్లమే. ఐదుకు నాలుగు ఇస్తున్నా. ఆ ఒకటి ఎందుకు కోశానో తర్వాత చెప్తా.

ఇంతకుముందు ఇంకోచోట ఇదే కోర్సులో చేరి మూడో వారానికే మానేశాను. అక్కడి మాస్టారికి సబ్జెక్టు బాగా వచ్చు, కాదనను, కానీ గంటన్నరసేపు ఆయనే మాట్లాడి, చివర్లో ల్యాప్‌టాప్ మూస్తూ ‘ఎవరికైనా డౌట్లున్నాయా?’ అనేవారు. ఉంటే మాత్రం ఎవరు చెప్తారండీ? పక్కన మనకంటే పదిహేనేళ్లు చిన్నవాడు టకటకా టైప్ చేస్తుంటే, ఫార్ములా ముందు ఈక్వల్ గుర్తు ఎందుకు పెట్టాలని అడగడానికి నోరు పెగలదు. తలలూపేసి ఇంటికి పోయేవాళ్లం.

ఇక్కడ మేడం ఆ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు. మొదటి రోజే ఆఫీసులో మమ్మల్ని విసిగిస్తున్న లెక్కేదో ఒక్కొక్కరి చేత చీటీ మీద రాయించుకున్నారు, ఆ తర్వాత ఉదాహరణలన్నీ ఆ చీటీల్లోంచే. పట్టికలో కావలసింది వెతికిపెట్టే వీలుకప్ ఫార్ములా నేర్పిన రోజు బోర్డు మీదికి నా స్టాకు పట్టికే వచ్చింది, ఇక నేను మాట్లాడకుండా ఎలా ఉంటాను! పెద్దవాళ్లకి ఇవాళ పనికొచ్చేది కావాలి, రేపెప్పుడో పనికొచ్చేది కాదు అని ఆవిడ అంటుంటారు. 1970ల్లో మాల్కమ్ నోల్స్ అనే అమెరికా విద్యావేత్త పెద్దల చదువు గురించి చెప్పిన మాట కూడా దాదాపు ఇదేనట.

ఇంకోటి, ప్రశ్న వేశాక ఆవిడ ఊరుకుంటారు. మొదట్లో ఆ నిశ్శబ్దం నాకు భలే ఇబ్బందిగా ఉండేది. అడిగితే మేరీ బడ్ రో అనే ఆవిడ పరిశోధన గురించి చెప్పారు: టీచర్లు మామూలుగా ఒక్క సెకను మాత్రమే ఆగుతారట, కనీసం మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయట, నోరు విప్పేవాళ్లూ పెరుగుతారట. రో చూసింది పిల్లల సైన్సు క్లాసులు, కానీ మా బ్యాచ్‌లోనూ అదే జరిగింది. కష్టమైన ప్రశ్నయితే ముందు ఎవరికి వారు ఆలోచించుకోవాలి, తర్వాత పక్కవాళ్లతో మాట్లాడుకోవాలి, అప్పుడే అందరికీ చెప్పాలి. తప్పయినా ఇద్దరిదీ కాబట్టి సిగ్గు సగమే.

ఇక కోసిన మార్కు సంగతి. ఆరో వారంలో మేడం రాక, బదులుగా వచ్చినాయన హాజరు పట్టీ చూసి పేరు పెట్టి లేపి ప్రశ్నలు వేశారు. అందరిలోకీ పెద్దాయన ఒకరు, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నారు, జవాబు తెలియక రెండు నిమిషాలు నిలబడ్డారు. మర్నాటి నుంచి ఆయన రాలేదు. ఫోన్ చేస్తే ఇంట్లో పనుందన్నారు. నేర్పే పద్ధతి ఒక్క మేడం దగ్గరే ఉంటే చాలదు కదా, సంస్థ వాళ్లు మిగతా వాళ్లకీ చెప్పుకోవాలి.

చేరాలనుకుంటే ముందు ఏ టీచరో కనుక్కుని చేరండి. మొదటి రోజే మీ సొంత ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి.