దాదుల దారిలో: అట్లాంటా నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా నాలుగు రోజులు

మా అమ్మాయి ఉండేది అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఫోర్సైత్ కౌంటీలో. పసిపిల్లలను చూసుకోవడానికి ఆరు నెలల కోసం వచ్చిన నాలాంటి అమ్మమ్మలు, నాయనమ్మలు ఆ కాలనీలో వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. సాయంత్రం పార్కులో స్ట్రోలర్లు తోసుకుంటూ వెళ్ళేవారి మాటలు వింటే గుంటూరులోనో ఖమ్మంలోనో ఉన్నట్టే అనిపిస్తుంది. ఇదే కౌంటీ నుంచి 1912లో సుమారు పదకొండు వందల మంది నల్లజాతివారిని బెదిరించి, ఇళ్ళు, చర్చిలు తగలబెట్టి తరిమేశారనీ, ఆ తరువాత డెబ్బై ఏళ్ళకు పైగా ఇక్కడ నల్లవారి కాపురాలు దాదాపు లేకుండా పోయాయనీ కమింగ్ ఊరి నడిబొడ్డున ఉన్న ఫలకం చూశాకే నేను తెలుసుకున్నాను. అప్పటి నుంచి మనవరాలిని ఆడిస్తున్నప్పుడల్లా ఒకటే ఆలోచన. ఈ దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవారి పిల్లలను తరతరాలుగా ఎత్తుకు పెంచిన నల్లజాతి దాదులు ఎక్కడ బతికారు, వారు పనికి పోయిన వేళ వారి సొంత పిల్లలను ఎవరు చూశారు? నా ధ్యాస గమనించిన మా అమ్మాయి మార్చి నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టి, "ఊరికే బాధపడుతూ కూర్చునే కంటే వెళ్ళి చూద్దాం పదమ్మా" అంది. అల్లుడుగారు కారు నడిపారు, నాలుగేళ్ళ మనవరాలు మాతోనే ఉంది.

ఈ దారిలో వెళ్ళాలనుకునేవారికి ముందే చెప్పవలసిన మాట ఒకటుంది. దక్షిణాదిలో ఏ పాత ఇంటికి వెళ్ళినా పిల్లలను పెంచిన నల్లజాతి స్త్రీ గురించి "ఆమెను ఇంటి మనిషిలాగే చూసుకునేవారు" అని చెబుతారు. ఆ ప్రేమ అబద్ధమని నేను అనను. అయితే ఆమె పేరేమిటి, ఆమెకు జీతమెంత, ఆమె పిల్లలు ఎక్కడ ఉండేవారు అన్న మూడు ప్రశ్నలకు ఏ చోటు ఎంతవరకు జవాబిచ్చిందన్న దానితోనే నేను ఆయా చోట్లను తూచాను.

అట్లాంటాలో మేము గడిపింది ఒక్క పూట. 1881 జులైలో ఇక్కడి చాకిరేవుల నల్లజాతి స్త్రీలు ఇరవై మంది కలిసి, ఉతికిన పన్నెండు పౌన్ల బట్టలకు ఒక డాలరు కూలి ఇవ్వాలని సమ్మె మొదలుపెడితే, మూడు వారాల్లో ఆ సంఖ్య మూడు వేలకు పెరిగింది. తొమ్మిదేళ్ళ వయసులో తెల్లవారి పసిపిల్లల గుడ్డలు ఉతకడంతో పని మొదలుపెట్టిన డొరొతీ బోల్డెన్ 1968లో ఇంటిపనివారికి సంఘం స్థాపించిందీ ఈ నగరంలోనే. ఆమె సిటీ బస్సుల్లో పనికి పోయే ఆడవాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడి మాట్లాడి వారిని సంఘంలో చేర్చింది. చేరినవారు ఓటరుగా నమోదు కావాలని నియమం పెట్టింది. ఆ సంఘం కాగితాలు జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. వాటిని చదివే తీరిక, ముందుగా అనుమతి తీసుకునే ఓపిక ఉన్నవారు అట్లాంటాకు ఇంకో రోజు కేటాయించుకోవాలి. మాకు పసిపిల్లతో అది కుదరలేదు.

మాంట్‌గొమరీ అట్లాంటా నుంచి కారులో రెండున్నర గంటలు. అలబామాలోకి దిగగానే గడియారం గంట వెనక్కి పోతుంది కనుక ఉదయం బయలుదేరితే పూట కలిసివస్తుంది. బస్సులో తెల్లవారికి సీటు వదలనన్న నల్లజాతి స్త్రీ రోజా పార్క్స్‌ను 1955 డిసెంబరు 1న అరెస్టు చేసిన చోటనే ట్రాయ్ విశ్వవిద్యాలయం ఆమె పేరిట మ్యూజియం నడుపుతోంది. పాత బస్సు నమూనా కిటికీల్లో ఆనాటి సంఘటన మన కళ్ళెదుట జరుగుతున్నట్టు చూపిస్తారు. మా మనవరాలు కూడా కదలకుండా చూసింది. అయినా నన్ను కదిలించినది బస్సు కాదు, ఆ బస్సును శాసించిన నగర చట్టం. మాంట్‌గొమరీ 1952 నాటి నగర నియమావళి ప్రకారం బస్సులో నల్లవారు, తెల్లవారు వేరువేరుగా కూర్చోవాలి. దానికి ఒకే ఒక మినహాయింపు ఉంది. తెల్ల పిల్లలనో, జబ్బుపడిన తెల్లవారినో చూసుకునే నల్లజాతి దాదికి తెల్లవారి మధ్య సీటు ఇవ్వవచ్చు. అంటే ఉదయం తెల్లపిల్లను ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్న మనిషే సాయంత్రం తన పిల్లల దగ్గరికి ఒంటరిగా వెళ్ళేటప్పుడు వెనక నిలబడాలి. లూజియానా 1890లో చేసిన రైలు పెట్టెల చట్టంలోనూ ఇదే మినహాయింపు ఉంది. వారి చట్టం దృష్టిలో ఆమె స్పర్శకు మైల లేదు, ఆమె తల ఎత్తుకుని కూర్చోవడానికే మైల ఉంది. అంటరానితనం ఎరిగిన మన తెలుగు నేల మనిషికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఆనాటి మాంట్‌గొమరీలో పనికి వెళ్ళే నల్లజాతి స్త్రీలలో వందకు 63 మంది ఇళ్ళలో పనిచేసేవారే. రోజా పార్క్స్ అరెస్టు తరువాత 381 రోజులు బస్సు ఎక్కకుండా సాగిన ఉద్యమాన్ని ఎక్కువగా కాళ్ళతో మోసినవారు వీరే. వారిని కార్లలో దింపడానికి చర్చిలు కొన్న స్టేషన్ వ్యాగన్ల గుర్తుగా, ఆ కాలపు బండి ఒకటి మ్యూజియంలో ఉంచారు. ఇంట్లో వంట ఆగిపోతుందని, పిల్లలను పట్టేవారు ఉండరని తెల్ల గృహిణులే తమ కార్లలో పనివారిని తీసుకొచ్చి దింపుతుంటే, అలా చేయవద్దని మేయర్ గేల్ బహిరంగంగా మందలించవలసి వచ్చింది. ఊరు ఎవరి చేతుల మీద నడుస్తోందో ఆ ఒక్క మందలింపే చెబుతుంది. బస్సుల్లో వేర్పాటు చెల్లదన్న తీర్పు తెచ్చిన దావా వేసిన స్త్రీలలో మేరీ లూయీస్ స్మిత్ అనే పద్దెనిమిదేళ్ళ పిల్ల కూడా ఇళ్ళలో పనిచేసేదే. రోజా పార్క్స్ కంటే ముందే, 1955 అక్టోబరులో, ఆమెను సీటు వదలనందుకు అరెస్టు చేశారు. మ్యూజియం నుంచి కొద్ది దూరంలో డెరికోట్ వీధిలో జార్జియా గిల్మోర్ ఇంటి ముందు ఒక ఫలకం ఉంది. ఉద్యమం పక్షాన కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు ఆమె వంటమనిషి ఉద్యోగం పోయింది. ఆమె తన ఇంట్లోనే వండి అమ్మి, సాటి ఆడవాళ్ళ చేత కూడా కేకులు, భోజనాలు చేయించి అమ్మించి, ఆ డబ్బు ఉద్యమానికి ఇచ్చింది. డబ్బు ఇచ్చినవారి కొలువులు పోకూడదని తన బృందానికి 'ఎక్కడిదీ కాని సంఘం' అని పేరు పెట్టింది. ఫలకం చదవడానికి అయిదు నిమిషాలు చాలు, కానీ మేము అక్కడ అరగంట నిలబడ్డాం.

మరునాడు లెగసీ మ్యూజియం, శాంతి న్యాయ స్మారకం చూశాం. మనిషికి అయిదు డాలర్ల టికెట్టుతో రెండూ చూడవచ్చు. వాటి మధ్య ఉచితంగా బస్సు తిరుగుతుంది. వారంలో కొన్ని రోజులు మూసి ఉంచుతారు కనుక తేదీలు చూసుకుని వెళ్ళాలి. బానిసత్వం, మూకహత్యలు, వేర్పాటు, జైళ్ళు అన్న పెద్ద కథను చెప్పే మ్యూజియం కనుక అందులో ఇంటిపని ఒక చిన్న పాయ మాత్రమే. పసిపిల్లలను లోపలికి తీసుకువెళ్ళవద్దని నా సలహా. అల్లుడుగారు మనవరాలితో బయటే ఉండిపోయారు. నాలుగు వేల నాలుగు వందల మందికి పైగా మూకహత్యల మృతులను తలచుకునే ఆ స్మారకంలోనే, బస్సు ఉద్యమాన్ని నిలబెట్టిన స్త్రీల కోసం డానా కింగ్ చేసిన మూడు కంచు విగ్రహాలున్నాయి. ముసలామె, టీచరు, నిండు గర్భిణి నడిచిపోతున్నట్టు ఉంటారు. వారి పక్కన నేల మీద పాదముద్రలు ఉన్నాయి, మనం వాటిలో నిలబడవచ్చు. నేను నిలబడి గర్భిణి భుజం వైపు చూశాను. సొంత బిడ్డను కడుపులో మోస్తూ పరాయి బిడ్డను ఎత్తుకోవడానికి మైళ్ళు నడిచినవాళ్ళు ఎంతమందో.

భోజనం విషయంలో శాకాహారులు జాగ్రత్త పడాలి. దక్షిణాది హోటళ్ళలో ఆకుకూర, చిక్కుడు గింజలు చూడటానికి మన కూరల్లాగే ఉన్నా తరచుగా పంది మాంసం వేసి ఉడికిస్తారు. అడిగితే విసుక్కోకుండా చెబుతారు. బస డౌన్‌టౌన్‌లో అన్నిటికీ నడిచి వెళ్ళగలిగే హోటల్లో దొరికింది. గది శుభ్రంగా ఉంది. దాన్ని శుభ్రం చేయడానికి వచ్చిన ఆవిడ ఇంచుమించు నా ఈడు మనిషి. మేము ఏమి చూసి వచ్చామో విని చేతిలో దుప్పటి పక్కన పెట్టింది. వాళ్ళ అమ్మమ్మ ఒక తెల్ల కుటుంబంలో ముప్ఫై ఏళ్ళు పిల్లలను పెంచిందట. ఆమె పోయినప్పుడు ఆ పిల్లలు, అప్పటికి పెద్దవాళ్ళయి, చర్చికి వచ్చి ముందు వరసలో కూర్చుని ఏడ్చారట. "వాళ్ళ ఏడుపు నిజమే. మేము మాత్రం రెండో వరసలో కూర్చున్నాం" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను తప్ప ఏమీ అనలేకపోయాను.

జీతం సంగతి ఏ చోటా గట్టిగా చెప్పలేదు కనుక, నాకు తెలిసినది ఇక్కడ రాస్తున్నాను. 1935లో సామాజిక భద్రతా చట్టం వచ్చినప్పుడు వ్యవసాయ కూలీలను, ఇంటిపనివారిని బయట ఉంచారు. 1950 సవరణలతో గాని క్రమంగా పనిచేసే ఇంటిపనివారికి ముసలితనపు పింఛను హక్కు రాలేదు. 1938 నాటి కనీస వేతన చట్టం వీరిని తాకడానికి 1974 దాకా పట్టింది. మిగిలిన అన్నం, కూర గిన్నెలో పెట్టి పంపడం, పాత గౌన్లు ఇవ్వడం జీతంలో భాగంగా లెక్కవేసేవారు. పండగకు పాత చీర ఇచ్చి జీతం పెంచకుండా దాటేయడం మన ఇళ్ళలోనూ నేను చూసినదే కనుక ఈ విషయం నాకు గుచ్చుకుంది.

మూడో రోజు బర్మింగ్‌హామ్ మీదుగా మిసిసిపీలోని ఆక్స్‌ఫర్డ్ చేరడానికి నాలుగు గంటలకు పైగా పట్టింది. చిన్న విశ్వవిద్యాలయ పట్టణం. ఆకురాలు కాలంలో ఫుట్‌బాల్ ఆటలున్న వారాంతాల్లో గదుల అద్దె విపరీతంగా ఉంటుంది, మార్చిలో సుఖం. మేము దిగినది పాత బంగళాను బసగా మార్చిన ఒక చోటు. పరుపులు, పొద్దుటి ఫలహారం, యజమానుల మర్యాద, అన్నీ బాగున్నాయి. మాకిచ్చిన వెనక గదికి 'వంటావిడ గది' అని పేరు పెట్టి, గోడకు ఆమె ఫొటో, పాత ఏప్రన్ తగిలించారు. ఆమె ఒళ్ళో ఒక తెల్ల పిల్లవాడున్నాడు. పిల్లవాడి పేరు, ఊరు, తరువాత ఏ ఉద్యోగం చేశాడన్నదీ కింద రాసి ఉంది. "ఈవిడ పేరేమిటండీ?" అని అడిగాను. "అందరూ ఆంటీ అనేవారట" అని జవాబు వచ్చింది.

ఆ మాట మనకు తప్పుగా వినిపించదు. మనం పాలు పోసే ఆవిడను కూడా అత్తా, పిన్నీ అని వరస పెట్టి పిలిస్తే అది ఆదరం. కానీ ఇక్కడ వేర్పాటు కాలంలో తెల్లవారు ముసలి నల్లజాతి స్త్రీని ఆంటీ అన్నది 'మిసెస్' అన్న గౌరవ వాచకం ఇవ్వకుండా తప్పించుకోవడానికే. ఆమె పాలు పట్టి పెంచిన పిల్లవాడు ఆమెను పేరు పెట్టి పిలిచేవాడు. వాడికి మీసాలు వచ్చేనాటికి ఆమె వాడిని 'మిస్టర్' అని పిలవాలి. అలబామా కోర్టులో తనను మిస్ హామిల్టన్ అని పిలిస్తే గాని జవాబు చెప్పనన్నందుకు మేరీ హామిల్టన్ అనే ఉద్యమకారిణికి కోర్టు ధిక్కార శిక్ష పడితే, 1964లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఆ శిక్ష రద్దు చేయించవలసి వచ్చింది. ఆ గదిలో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బసగా దానికి లోటు చెప్పను, కానీ పేరు కనుక్కుని రాయనంత వరకు ఆ ఫొటోను అక్కడి నుంచి తీసేయడమే మేలు.

రోవన్ ఓక్ నోబెల్ పొందిన రచయిత విలియమ్ ఫాక్‌నర్ ఇల్లు, ఇప్పుడు మిసిసిపీ విశ్వవిద్యాలయం అధీనంలో ఉంది. మేము వెళ్ళినప్పుడు మనిషికి అయిదు డాలర్లు, నగదు మాత్రమే తీసుకున్నారు, సోమవారం సెలవు. దేవదారు చెట్ల మధ్య నుంచి తెల్ల స్తంభాల ఇంటికి నడిచి వెళ్ళడం హాయిగా ఉంటుంది. చాలామంది అతని రాతబల్ల చూడటానికి వస్తారు. నేను వెళ్ళింది పెరట్లో ఉన్న చిన్న ఇంటి కోసం. బానిసగా పుట్టి, 1902 ప్రాంతం నుంచి ఆ కుటుంబంలో పిల్లలను పెంచిన కారొలైన్ బార్ అక్కడ ఉండేది. 1940 జనవరి 31న ఆమె చనిపోతే ఫాక్‌నర్ తన ఇంటి ముందు గదిలో ఆమె భౌతికకాయం ఉంచి తానే నివాళి ప్రసంగం చేశాడు. రెండేళ్ళ తరువాత ఒక పుస్తకాన్ని ఆమెకు అంకితం ఇచ్చాడు. ఇక్కడ ఆమె పేరు అందరికీ తెలుసు, అడిగితే ఓపికగా చెబుతారు. నా మూడు ప్రశ్నలలో మొదటిదానికి నిండైన జవాబు ఈ ఇంట్లోనే దొరికింది. ముందు గదిలో నిలబడి కిటికీలోంచి పెరటి వైపు చూస్తే, ఆ రెండు కప్పుల మధ్య దూరం గట్టిగా యాభై అడుగులు ఉన్నట్టు తోచింది. చివరి ఏళ్ళలో ఆమె నివాసం ఆ పెరట్లోనే, ముందు గదిలో ఆమెకు పెద్దపీట వేసింది మాత్రం పోయిన తరువాత.

సెయింట్ పీటర్స్ శ్మశానంలో ఫాక్‌నర్ సమాధి తేలికగా దొరుకుతుంది. అభిమానులు దాని మీద విస్కీ సీసాలు, నాణేలు పెట్టి పోతారు. కారొలైన్ బార్ సమాధి నల్లవారిని పూడ్చిన భాగంలో ఉంది, వెతకడానికి మాకు నలభై నిమిషాలు పట్టింది. మంచి బూట్లు వేసుకుని, ఉదయం పూట వెళ్ళాలి. చిన్న రాయి. పేరు, 1840, 1940 అన్న సంవత్సరాలు, తెల్లవారు నల్లజాతి దాదిని పిలిచే 'మామీ' అన్న పిలుపు ఉన్నాయి. ఇంకొక వాక్యం కూడా ఉంది. "ఆమె తెల్ల బిడ్డలు ఆమెను ఆశీర్వదిస్తున్నారు."

నేను తెలుగులో చదివి వినిపించగానే మా అమ్మాయి, "అదేంటమ్మా, పిల్లలు తల్లిని ఆశీర్వదించడమేంటి?" అంది. ఇంగ్లీషులో ఆ మాటకు కృతజ్ఞత కూడా అర్థమేనని అల్లుడుగారు చెప్పారు. అది నిజమే అయి ఉంటుంది, ఆ రాయి వేయించిన మనిషి దుఃఖం కూడా నిజమే. కానీ మన భాషలో ఆశీర్వాదం పై నుంచి కిందికే దిగుతుంది. పెంచిన తల్లికి ఎవరైనా నమస్కారమే పెడతారు. ఆమెకు సొంత పిల్లలున్నారు. ఆ వాక్యంలో వాళ్ళ ఊసు లేదు.

రాయి అంచున ఎండుటాకులు పేరుకున్నాయి. అమ్మాయి వాటిని చేత్తో తుడిచింది. నేను చెప్పులు విడిచి నమస్కరించాను. అక్కడి నుంచి ఇంటికి ఆరు గంటల ప్రయాణం, జార్జియాలోకి రాగానే గడియారం మళ్ళీ గంట ముందుకు జరిగింది.