జెండా చేపల్లో ఏది మేలు?

సముద్రపు అక్వేరియం పెట్టినవాళ్ళకు ఏదో ఒక రోజు జెండా చేప మీద మనసు పడుతుంది. తెల్లటి ఒళ్ళు, రెండు నల్ల పట్టీలు, పసుపు తోక, వీపు మీంచి జెండాలా వెనక్కి సాగిన రెక్క. చిక్కేమిటంటే, సీతాకోకచిలుక చేపల కుటుంబంలో ఈ పోలికలన్నీ ఉన్న జాతులు రెండు. హెనియోకస్ అక్యుమినేటస్‌కు స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లోనే పేరు పెట్టాడు. హెనియోకస్ డిఫ్రూటెస్‌కు పేరు పడింది మాత్రం 1903లో. అమ్మేచోట ఇప్పటికీ రెంటినీ కలిపేస్తుంటారు.

పుస్తకాల ప్రకారం వీపు రెక్కలోని ముళ్ళు లెక్కపెట్టాలి. అక్యుమినేటస్‌కు మామూలుగా 11, డిఫ్రూటెస్‌కు 12. ఈదే చేపకు ముళ్ళు లెక్కపెట్టడం మాటలు కాదు. ఫొటో తీసి చూస్తే నాకు ఒకసారి పదకొండు, ఇంకోసారి పన్నెండు వచ్చాయి! అంతకంటే మూతి చూడటం నయం. డిఫ్రూటెస్ మూతి పొట్టిగా, రొమ్ము గుండ్రంగా ఉంటుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, రెండిటి బతుకు తీరు వేరు. డిఫ్రూటెస్ పెద్ద గుంపులుగా తిరుగుతూ, నీళ్ళలో తేలే చిన్న చిన్న జీవులైన ప్లాంక్టన్‌ను ఏరుకుని తింటుంది. అందుకే పగడాల జోలికి వెళ్ళడం తక్కువ. పెద్దయిన అక్యుమినేటస్ ఎక్కువగా ఒంటరిగానో జంటగానో ఉంటుంది. ప్లాంక్టన్‌తోపాటు అడుగున ఉండే చిన్న జీవులనూ పొడుచుకు తింటుంది. పైగా 25 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది.

పగడాలున్న తొట్టెకు నా ఓటు డిఫ్రూటెస్‌కే. కానీ ఒక్కదాన్ని తెచ్చి వదిలేస్తే దాని అందం తెలియదు, కొన్ని కలిసి తిరగాలి. అంటే పెద్ద తొట్టె కావాలి. పగడాలు లేకుండా చేపలే ఉండే తొట్టెలో అక్యుమినేటస్ జంట బాగానే ఉంటుంది. చిన్న తొట్టె అయితే రెండూ వద్దు.

ఈ రెండూ ఉన్న హెనియోకస్ ప్రజాతిలో మొత్తం 8 జాతులు. వాటిలో క్రైసోస్టోమస్ పగడాలను కట్టే చిన్న జీవులైన పాలిప్‌లనే తిని బతికే రకం, దాన్ని పెంచాలంటే రోజూ టెన్షనే.

ఇక మూరిష్ ఐడల్. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నా అది జెండా చేప కాదు, సర్జన్ చేపలకు దగ్గరి చుట్టం. సముద్రంలో ఎక్కువగా స్పాంజ్‌లు తింటుంది, తొట్టెలో పెట్టిన మేత ముట్టక చాలాసార్లు చిక్కి చచ్చిపోతుంది. దాన్ని సముద్రంలోనే ఉండనివ్వండి. పొరపాటున కొనకుండా ఉండాలంటే తోక చూడండి, ఐడల్‌కు అది నల్లగా ఉంటుంది.