ఒంటి మీద ఏదో లేచింది: డాక్టర్‌కి ఫోటో పంపడం మేలా, మాటల్లో చెప్పడం మేలా?

ఫోటో కొట్టి పంపేస్తే సరిపోద్ది కదా, ఇంకా చెప్పేదేముంది అనుకుంటాం. రంగు, ఆకారం, అంచు, ఎక్కడెక్కడ పాకింది అనేవాటికి ఫోటోనే బెటర్, అందులో డౌట్ లేదు. చిక్కెక్కడంటే చర్మానికి లోతుంది, పైన ఎపిడెర్మిస్, కింద డెర్మిస్, దాని కింద కొవ్వు పొర, గొడవ ఏ పొరలో ఉందనేది చాలాసార్లు వేలికే తెలుస్తుంది.

పొట్టు రాలుతోందంటే పై పొర దెబ్బతిన్నట్టే, అది ఫోటోలో కూడా కనపడుద్ది. కొవ్వు పొరలో గడ్డ అనుకోండి, ఫోటోలో చాలాసార్లు మామూలు చర్మమే ఉంటుంది, గట్టిగా ఉందా మెత్తగా ఉందా, నొక్కితే జరుగుతోందా అని మీరే చెప్పాలి. ఎర్రమచ్చలైతే గాజుగ్లాసు అదిమి చూడండి, ఎరుపు పోతే రక్తనాళాలు వెడల్పయ్యాయని, పోకపోతే రక్తం బయటికి కారి ఉండొచ్చని లెక్క (జ్వరంతో పాటు ఇలా పోని మచ్చలుంటే ఫోటోలు, మెసేజ్‌లు పక్కన పెట్టి వెంటనే ఎమర్జెన్సీకి పోవాలి). పైగా చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు ఎరుపులా ఉండదు, ఊదాగానో ముదురు గోధుమగానో ఉంటుంది, ఫోన్ కెమెరా ఒక్కోసారి దాన్ని తెల్లగా చేసి ఇంకా చెడగొడుతుంది.

దద్దుర్ల దగ్గర మాత్రం మాటలు ఓడిపోతాయి. డెర్మిస్‌లో నీరు చేరి ఉబ్బుతాయి కదా, ఒక్కోటి మామూలుగా 24 గంటల్లోపే మాయమైపోద్ది, మీరు డాక్టర్ దగ్గరికెళ్లేసరికి చర్మం శుభ్రంగా ఉంటుంది, అప్పుడు ఫోటోనే సాక్ష్యం. పుట్టుమచ్చ మారుతోందా అన్నదానికీ అంతే, కొన్ని నెలల తేడాతో తీసిన రెండు ఫోటోలుంటే వాదన అక్కర్లేదు. పక్కన స్కేలు పెట్టండి, 6 మిల్లీమీటర్లు దాటిందా అనేది డాక్టర్లు చూసే గుర్తుల్లో ఒకటి. ఫ్లాష్ వద్దు, ఎత్తుపల్లాలు చదునైపోతాయి, పక్కనుంచి వెలుతురు పడాలి.

మాటల్లో మనవాళ్లు చేసే తప్పు, చూసింది చెప్పకుండా "తామర వచ్చింది", "ఎలర్జీ" అని రోగం పేరు చెప్పేయడం. చదునుగా ఉందా లేచిందా, 1 సెంటీమీటర్ కంటే చిన్నదా పెద్దదా, లోపల నీరుందా చీముందా, ఎప్పుడు మొదలైంది, దురదా నొప్పా, ఇవి చాలు, లాటిన్ పేర్లు వాళ్లు పెట్టుకుంటారు.

ఒక్కటే ఎంచుకోమంటే నేను మాటలవైపే. కాకపోతే ఏ క్రీమూ రాయకముందే ఒక ఫోటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే నిజంగా తామరే (ఫంగస్ వల్ల వచ్చేది) అయితే, దానిమీద స్టెరాయిడ్ క్రీమ్ పూస్తే అంచు, పొట్టు అన్నీ మారిపోయి చూసినా గుర్తుపట్టలేని రూపానికొస్తుంది, అప్పుడు పనికొచ్చేది ఆ పాత ఫోటో, ఆ ట్యూబ్ మీద పేరు.