డీబీఎస్ బ్యాటరీ: ఛార్జింగ్‌దా, మామూలుదా? ఏది మేలు?

మా మామగారికి పార్కిన్సన్స్‌కి డీబీఎస్ (మెదడులో సన్నటి వైర్లు పెట్టి, బ్యాటరీతో వాటికి కరెంటు ఇచ్చే ఆపరేషన్) చేయించినప్పట్నుంచి తెలిసినవాళ్ళందరూ ఒకటే అడుగుతున్నారు, బ్యాటరీ ఛార్జింగ్‌ది పెట్టించాలా మామూలుదా అని. మెదడులోకెళ్ళే వైర్ల పని రెండిట్లోనూ ఒకటే, తేడా అంతా కాలర్ బోన్ కింద పెట్టే ఆ చిన్న డబ్బాలోనే.

మామూలుది సుమారు 3 నుంచి 5 ఏళ్ళొస్తుంది, కరెంటు ఎక్కువ పెట్టాల్సొస్తే (డిస్టోనియా, అంటే కండరాలు వాటంతటవే మెలితిరిగే జబ్బు ఉన్నవాళ్ళకి చాలాసార్లు అంతే) ఇంకా ముందే అయిపోతుంది. అప్పుడు ఛాతీ దగ్గర మళ్ళీ కోసి మార్చాలి, తల జోలికెళ్ళరు, చిన్న ఆపరేషనే, కానీ కోసిన ప్రతిసారీ ఇన్ఫెక్షన్ భయం, బ్యాటరీ డబ్బులు మళ్ళీ కొత్తగా. ఛార్జింగ్‌ది మొదట్లోనే రేటెక్కువ, కానీ ఇప్పుడొచ్చేవి 15 ఏళ్ళ దాకా వస్తాయంటున్నారు. అందుకే లెక్కలేసుకునేవాళ్ళంతా అటే మొగ్గుతారు.

నన్నడిగితే లెక్కల సంగతి తర్వాత, ఇంట్లో ఛార్జింగ్ ఎవరు పెడతారో ముందు చెప్పండి. ఛార్జర్‌ని సరిగ్గా బ్యాటరీ ఉన్నచోటే ఆనించాలి, కాస్త పక్కకి జరిగితే చాలు బీప్ బీప్‌మంటుంది, మళ్ళీ వెతుక్కోవాలి, సెట్టింగుల్ని బట్టి రోజూ కాసేపో వారానికోసారి గంటా రెండు గంటలో దాంతోనే గడపాలి. మర్చిపోయి పూర్తిగా దిగిపోయిందా, వణుకూ బిగుసుకుపోవడమూ మళ్ళీ మొదలు. పిల్లలేమో డాలస్‌లో, కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ముసలాళ్ళిద్దరే, ఇంక ఎవరికి ఫోన్ చేస్తారు? మా మామగారికి 70 దాటాయి, అత్తయ్యగారు తన ఫోన్‌కే ఛార్జింగ్ పెట్టుకోరు, అందుకే మామూలుదే పెట్టించాం. అదే 50ల్లో ఉండి, ఉద్యోగం చేసుకుంటూ, ఫోన్లూ గాడ్జెట్లూ అలవాటున్న మనిషైతే ఛార్జింగ్‌దే, మూడు నాలుగుసార్లు కోయించుకోవడం ఎందుకు?

ఫోకస్డ్ అల్ట్రాసౌండ్‌లో (తల కోయకుండా ధ్వని తరంగాలతో మెదడులో చిన్న చోటుని కాల్చే పద్ధతి) అసలు బ్యాటరీయే ఉండదు నిజమే, కానీ మెదడులో కాల్చిన చోటు మళ్ళీ రాదు, ఎక్కువగా ఒక పక్కకే చేస్తారు. టీఎంఎస్ (తల బయట్నుంచి అయస్కాంతంతో ఇచ్చే చికిత్స) ముఖ్యంగా డిప్రెషన్‌కి, దీనికి బదులు కాదు.

ఇంకోటి, వణుకు సంగతి వేరుగానీ, సిండోపా (పార్కిన్సన్స్ మాత్ర) వేసుకున్నా తగ్గని తూలుడూ మాట ముద్దగా రావడమూ ఏ బ్యాటరీతోనూ పెద్దగా తగ్గవు, ఖరీదైనది పెట్టిస్తే తగ్గుతాయనుకోకండి.

నిమ్స్‌లో చేయించినా ప్రైవేట్‌లో చేయించినా ఆపరేషన్‌కి ముందే డెమో ఛార్జర్ ఒకటి చూపించమనండి, పేషెంట్ చేత, ఇంట్లో పక్కనుండే మనిషి చేత ఛాతీ మీద పెట్టించి చూడండి, మీరు కాదు, వాళ్ళు.